బస్సులో బేడీ, దాని మీద తువ్వాలు: ఎస్కార్ట్ సర్వీసుకి నా రివ్యూ

హోటల్‌కో మిక్సీకో రివ్యూ రాసే అలవాటున్నవాణ్ణి. దీనికి రాస్తానని కలలో కూడా అనుకోలేదు. మైనర్ పిల్లల్ని కేసులో పట్టుకున్నాక స్టేషన్ నుంచి జువెనైల్ బోర్డుకి (పిల్లల కేసులు చూసే కోర్టు లాంటిది), అక్కణ్ణుంచి అబ్జర్వేషన్ హోమ్‌కి (కేసు నడిచేటప్పుడు పిల్లల్ని ఉంచే చోటు), మళ్లీ వాయిదాలకి తీసుకెళ్లి తీసుకొచ్చే పని ఒకటి ఉంటుంది. అదీ సర్వీసే, మన పన్నులతోనే నడుస్తుంది. ఎవరూ కోరి బుక్ చేసుకోరు, అంతే తేడా. నెల తిరక్కుండా మా ఇంటి పిల్లాడికి ఆ సర్వీసు మూడుసార్లు దొరికింది. మూడుసార్లూ నేను వెనకాలో పక్కనో ఉన్నాను, చూసింది చూసినట్టు రాస్తున్నా.

ముందే చెప్పేస్తున్నా, పిల్లాడి పేరు, ఊరు, స్టేషన్, జిల్లా ఏదీ రాయను, అడగొద్దు. జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం కేసులో ఉన్న పిల్లల్ని గుర్తుపట్టేలా ఏదీ బయటపెట్టకూడదు. అది పేపరు వాళ్లకే కాదు, రివ్యూలు రాసే మేనమామలకీ వర్తిస్తుంది. కోస్తాలో ఒక జిల్లా అనుకోండి, చాలు.

వాడు మా చెల్లెలి కొడుకు. 16 ఏళ్లు, ఇంటర్ ఫస్టియర్. తనకంటే పెద్దవాళ్లు ఇద్దరితో కలిసి బైకు దొంగతనం కేసులో ఇరుక్కున్నాడు. వాడు చేయలేదని నేను వాదించట్లేదు, ఆ సంగతి బోర్డు చూసుకుంటుంది. ఇలాంటి చిన్న నేరమైతే పిల్లల మీద అసలు ఎఫ్ఐఆరే కట్టకూడదట, స్టేషన్ డైరీలో రాసుకుని, ఇంటి పరిస్థితుల మీద ఒక రిపోర్టు తయారుచేసి బోర్డుకి పంపాలట. పెద్దవాళ్లతో కలిసి చేశాడంటే మాత్రం కట్టొచ్చు. మావాడికి జరిగింది అదే. ఇవన్నీ నాకు తర్వాత తెలిసిన ముక్కలు. ఆ రోజు తెలిసింది ఒక్కటే, చెల్లెలు ఫోన్లో మాట్లాడలేక ఏడుస్తోంది.

మొదటి ప్రయాణం, స్టేషన్ నుంచి బోర్డుకి. దీనికి ఒక్క స్టార్, అది కూడా టైముకి తీసుకెళ్లినందుకు. పట్టుకున్న 24 గంటల్లోపు, దారిలో పట్టే టైము కాకుండా, బోర్డు ముందు పెట్టాలి. పెట్టారు. మిగతాదంతా తప్పే. వరండాలో కూర్చోబెట్టిన పిల్లాణ్ణి జీపు ఎక్కించే ముందు, పక్కనే ఉన్న ఇద్దరు పెద్దవాళ్లకి వేసినట్టే వీడికీ బేడీలు వేశారు. నేను "సార్, చిన్నపిల్లాడు" అన్నాను. "మీసాలొచ్చాయి కదా" అని ఒకాయన నవ్వాడు. ఆయన్ని మరీ తిట్టుకోను, పొద్దున్నుంచి డ్యూటీలో ఉన్నాడు, ఏదో జోకనుకున్నాడు. కానీ ఆ స్టేషన్ గోడ మీదే పెద్ద అక్షరాలతో బాలల సంక్షేమ పోలీసు అధికారి పేరు రాసి ఉంది. ప్రతి స్టేషన్లోనూ ఒకరుండాలి, ఏఎస్ఐ హోదాకి తగ్గకుండా. పిల్లలతో వ్యవహరించేటప్పుడు ఆయన యూనిఫాంలో ఉండకూడదు, మఫ్టీలో ఉండాలి. ఆ రోజు ఆయన ఎక్కడో బందోబస్తులో ఉన్నాడని చెప్పారు. గోడ మీద మాత్రం డ్యూటీలోనే ఉన్నాడు.

నేను బైకు మీద వెనకాల వెళ్లాను. రైల్వే గేటు పడింది. పది నిమిషాలు. జీపు వెనక భాగం తెరిచే ఉంది, పక్కన కాలేజీ పిల్లల ఆటో ఒకటి ఆగింది. వీడు తల మోకాళ్ల మధ్య పెట్టుకుని, బేడీలున్న రెండు చేతులూ చొక్కా కింద దాచుకోవడానికి చూస్తున్నాడు. ఆ గేటు ఎప్పుడు లేస్తుందా అని నేను అంతలా ఎదురుచూసింది జీవితంలో అదే మొదటిసారి.

బోర్డు దగ్గర తలుపు బయటే బేడీలు తీసేశారు. లోపల మెజిస్ట్రేట్ మేడమ్ ఎత్తు మీద కాకుండా మామూలు టేబుల్ ముందే కూర్చున్నారు, పక్కన ఇద్దరు సభ్యులు. బోను లేదు, కోర్టు వాసన లేదు, అది బాగుంది, అలాగే ఉండాలని రూల్సులో ఉందట. ఆమె మెత్తగానే అడిగారు, "ఎవరైనా కొట్టారా నాన్నా? ఏమైనా చెప్పాలా?" అని. వీడు "ఏం లేదు మేడమ్" అన్నాడు. మణికట్టు మీద ఎర్రటి గీత కనపడుతూనే ఉంది. బయటికొచ్చాక ఎందుకు చెప్పలేదురా అని అడిగితే, "మళ్లీ వాళ్లతోనే కదా మామయ్యా వెళ్లాలి" అన్నాడు. ఇది రాసిపెట్టుకోండి. ఏ సర్వీసులోనైనా ఫిర్యాదు చేసే కౌంటర్ ఒకటుంటుంది. ఇక్కడ ఆ కౌంటర్‌కి తీసుకొచ్చేవాడూ, అక్కణ్ణుంచి తిరిగి తీసుకెళ్లేవాడూ, ఎవరి మీద ఫిర్యాదు చేయాలో వాడూ ఒకడే. పిల్లలు చెప్పలేదు కాబట్టి అంతా బాగుందని అనుకునేవాళ్లు ఈ సంగతి ఒకసారి ఆలోచించాలి.

ఆ రోజు బెయిల్ రాలేదు. బయటికొస్తే మళ్లీ ఆ ఇద్దరి చుట్టాలతో, స్నేహితులతో కలుస్తాడని అనుకున్నారు, హోమ్‌కి పంపమన్నారు. మా జిల్లాలో మగపిల్లల అబ్జర్వేషన్ హోమ్ లేదు. చట్టంలో ప్రతి జిల్లాకీ లేదా కొన్ని జిల్లాలకి కలిపి ఒకటి ఉండాలని రాశారు. ఆ "కలిపి" అన్న మాట వల్ల పిల్లలు గంటల తరబడి రోడ్డు మీద ఉంటారు. 2022లో ఆంధ్రలో జిల్లాలు 26 అయ్యాయి, తెలంగాణలో 33 ఉన్నాయి, బోర్డులు పెంచడానికి ఆర్డర్లు చాలు, హోమ్ కట్టడానికి మాత్రం గోడలు కావాలి కదా.

రెండో ప్రయాణం అదే. 140 కిలోమీటర్లు, ఆర్టీసీ ఎక్స్‌ప్రెస్. రెండు స్టార్లు. ఎందుకు రెండో చివర్లో తెలుస్తుంది.

ఈసారి స్టేషన్ వాళ్లు కాదు, ఆర్మ్‌డ్ రిజర్వు నుంచి ఒక కానిస్టేబుల్ వచ్చాడు, తోడుగా ఒక హోంగార్డు. బండి లేదా అని అడిగితే, ఉన్న బండి ఎవరో పెద్దమనిషి పర్యటనకి వెళ్లిందట. నేనూ టికెట్ కొనుక్కుని అదే బస్సెక్కాను, వాళ్ల వెనక సీట్లో కూర్చున్నాను, వద్దనలేదు. పిల్లాణ్ణి కిటికీ పక్కన కూర్చోబెట్టి, కుడిచేతికి బేడీ వేసి, రెండో కడియం కిటికీ ఊచకి తగిలించారు. దాని మీద ఒక తువ్వాలు కప్పారు, పసుపు రంగు తువ్వాలు, కొస చిరిగింది. నాకు ఆ తువ్వాలు చూడగానే మండింది. చేసేది సరైన పనే అనుకుంటే దాని మీద తువ్వాలెందుకు? హోమ్ గేటు దగ్గరా అంతే జరిగింది, గేటుకి యాభై అడుగుల ముందే విప్పేశారు, లోపలికి బేడీలతో తీసుకెళ్తే సూపరింటెండెంట్ గొడవ చేస్తారట. బోర్డు తలుపు బయట తీస్తారు, హోమ్ గేటు బయట తీస్తారు. అంటే రూలు ఏంటో అందరికీ తెలుసు. తెలియనిది పిల్లాడికీ, నాకూనే.

ఆ రూలు ఏంటంటే, 2016లో కేంద్రం తెచ్చిన జువెనైల్ జస్టిస్ మోడల్ రూల్స్‌లో 8వ రూలు. పిల్లలకి బేడీలు వేయకూడదు, గొలుసులు కట్టకూడదు, ఏ రకంగానూ బంధించకూడదు, బలవంతం చేయకూడదు, బలప్రయోగం చేయకూడదు. లాకప్‌లో పెట్టకూడదు. స్టేట్‌మెంటు మీద సంతకం పెట్టించకూడదు. ఆడపిల్లయితే మహిళా పోలీసు ఉండాలి. ఏ నేరమైనా సరే, "మరీ పెద్ద నేరమైతే తప్ప" అనే తోక ఎక్కడా లేదు. ఇది ఇంత సూటిగా రాసి ఉంటుందని నేను అనుకోలేదు, చట్టాలంటే మనకి అర్థం కాకుండా రాస్తారనే కదా నమ్మకం.

బస్సులో ఆ కానిస్టేబుల్‌తో ఇదే మాట అన్నాను, అప్పటికి పూర్తిగా తెలియకపోయినా ఏదో విన్నానని. ఆయన కోప్పడలేదు. "కొత్త చట్టంలో బేడీలకి పర్మిషన్ ఇచ్చారన్నా" అన్నాడు. ఇంటికొచ్చాక లాయరుని అడిగాను. 2024 జులై 1 నుంచి పాత సీఆర్‌పీసీ బదులు అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 43వ సెక్షన్లో నిజంగానే బేడీల మాట ఉంది, పదేపదే నేరాలు చేసేవాళ్లు, కస్టడీ నుంచి పారిపోయినవాళ్లు, హత్య, అత్యాచారం, యాసిడ్ దాడి, టెర్రరిజం లాంటి కేసుల్లో వాళ్లకి. అందులో బైకు దొంగతనం లేదు, అది ఒకటి. రెండోది ఇంకా ముఖ్యం, జువెనైల్ జస్టిస్ చట్టం మొదటి సెక్షన్లోనే వేరే ఏ చట్టంలో ఏమున్నా పిల్లల్ని పట్టుకోవడం, ఉంచడం, విచారించడం అన్నిటికీ ఈ చట్టమే వర్తిస్తుందని రాసిపెట్టారు. కాబట్టి కొత్త చట్టం వచ్చిందన్న జవాబు పిల్లల దగ్గర పనికిరాదు. ఆ కానిస్టేబుల్ అబద్ధం ఆడలేదు, ఆయనకి ట్రైనింగ్‌లో సగమే చెప్పారు.

పెద్దవాళ్ల సంగతే చూసినా బేడీలు మామూలు వ్యవహారం కాదని సుప్రీంకోర్టు 1980లోనే చెప్పింది. ప్రేమ్ శంకర్ శుక్లా కేసు. తిహార్ జైలు నుంచి ఒక ఖైదీ జడ్జికి టెలిగ్రాం కొట్టాడు, కోర్టుకి తీసుకెళ్లేటప్పుడు బేడీలు వేస్తున్నారని. జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పు రాశారు. అందులో నన్ను పట్టేసిన విషయం ఏంటంటే, అప్పటి పోలీసు రూల్సులో మెరుగైన తరగతి ఖైదీలకి బేడీలు వద్దు, మామూలు వాళ్లకి వేయొచ్చు అని ఉండేదట. డబ్బు, చదువు ఉన్నవాడు పారిపోడు, పేదవాడు పారిపోతాడని! కోర్టు దాన్ని కొట్టేసింది. 1995లో ఇంకో తీర్పులో మెజిస్ట్రేట్ అనుమతి లేకుండా వేయడానికే వీల్లేదంది. అంత పాత మాట ఇప్పటికీ మా ఊరి బస్సు దాకా రాలేదు.

సరే, బస్సులోకి వద్దాం. మధ్యలో ఒక పెద్ద బస్టాండులో ఇరవై నిమిషాలు ఆపారు. హోంగార్డు దిగి ఇడ్లీ పొట్లం తెచ్చాడు, తన డబ్బుతోనే అనుకుంటా. పిల్లలకి తిండికీ, ప్రయాణానికీ, వైద్యానికీ ప్రభుత్వం పోలీసులకి డబ్బివ్వాలని రూల్సులో ఉంది, అది చేతికెప్పుడొస్తుందో వాళ్లకే తెలియాలి. పొట్లం వీడి ఒళ్లో పెట్టారు. కుడిచెయ్యి కిటికీకి కట్టి ఉంది. వీడు కాసేపు చూసి, ఎడమచేత్తో ఇడ్లీ తుంచడం మొదలుపెట్టాడు. చట్నీ జారి ప్యాంటు మీద పడింది. ఎడమచేత్తో తినడమంటే మనిళ్లల్లో ఏంటో ఎవరికీ చెప్పక్కర్లేదు. ముందు సీట్లో ముసలావిడ ఒకావిడ వెనక్కి తిరిగి "అదేంటి నాయనా, ఎడంచేత్తో" అనబోయి, తువ్వాలు చూసి, నోరు మూసుకుని ముందుకి తిరిగిపోయింది. నేను లేచి తినిపిద్దామనుకున్నాను. అంతలో ఆ కానిస్టేబులే తాళం తీసి, బేడీ ఎడమచేతికి మార్చి, తన బాటిల్లో నీళ్లతో వాడి కుడిచెయ్యి కడిగించాడు. ఏమీ మాట్లాడలేదు. రెండో స్టార్ దానికి.

నీళ్లు మాత్రం వీడు తాగలేదు. బాత్రూంకి తీసుకెళ్తే గొలుసు పట్టుకుని లోపలే నిలబడతారని భయం. నాలుగు గంటలు, మే నెల ఎండ, ఒక్క గుక్క తాగలేదు. ఇది ఏ రికార్డులోకీ ఎక్కదు. ఇంకోటి నాకు రాత్రి నిద్రపోయేటప్పుడు తట్టింది. ఆ బస్సుకి ఏమైనా అయితే? మంటలంటుకున్నా, కాలవలో పడినా, కిటికీ ఊచకి తాళం వేసిన పిల్లాడు ఎలా బయటికొస్తాడు? తాళం చెవి కానిస్టేబుల్ జేబులో, ఆయన స్పృహలో ఉంటే సరే. పారిపోకుండా చేసిన ఏర్పాటు ప్రాణం మీదకి తెచ్చేలా ఉందని ఎవరికీ అనిపించలేదా?

ఆయన ఎందుకలా కట్టాడో కూడా చెప్పాడు. కిందటిసారి ఇలాగే ఇంకో కుర్రాణ్ణి తీసుకెళ్తుంటే, జాలిపడి వదిలేస్తే, టీ కోసం దిగినప్పుడు వాడు జనంలో కలిసిపోయాడట. ఎనిమిది నెలలు సస్పెన్షన్. పెద్దకూతురి ఫీజు అప్పు చేసి కట్టాడట. "రూలు నాకూ తెలుసన్నా, కానీ బేడీ వేసినందుకు నన్నెవరూ అడగరు, పారిపోతే మాత్రం మొదట నన్నే అడుగుతారు" అన్నాడు. ఈ రివ్యూలో నేను చెప్పదలుచుకున్నది మొత్తం ఆ మాటలోనే ఉంది. ఒక మనిషిని, ఒక హోంగార్డుని, ఒక బస్సు టికెట్టునీ ఇచ్చి, పారిపోతే నీ ఉద్యోగం అని పంపిస్తే, ఆయన భయాన్ని తీసుకెళ్లి పిల్లాడి మణికట్టుకి కడతాడు. ఇనుముకి జీతం ఇవ్వక్కర్లేదు, డీఏ ఇవ్వక్కర్లేదు, బేడీ ఎప్పుడూ సెలవు పెట్టదు. ఇంకో ఇద్దరు మనుషుల్నీ ఒక బండినీ పెట్టే బదులు పెట్టిన వస్తువు అది.

ఇక మూడోది. హోమ్ నుంచి వాయిదాకి. నాలుగు స్టార్లు.

మధ్యలో ఏం జరిగిందంటే, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఇచ్చిన ఉచిత లాయరు, పాతికేళ్ల అమ్మాయి, నేను చెప్పిందంతా విని ఒక్క పేజీ పిటిషన్ వేసింది. మావాణ్ణి తీసుకొచ్చేటప్పుడు బేడీలు వద్దు, మఫ్టీలో రావాలి, బస్సు కాకుండా బండి కావాలి అని. బోర్డు ఆర్డరిచ్చింది. అంతే! ఒక్క పేజీ. ఇది చదువుతున్నవాళ్లలో ఎవరింట్లోనైనా ఇలాంటి అవసరం పడితే (పడకూడదు) మొదటి రోజే అడగండి, నాలాగా రెండో ప్రయాణం దాకా ఆగొద్దు. లాయరు లేకపోతే 15100కి ఫోన్ చేస్తే న్యాయ సహాయం వాళ్లు పలుకుతారు, పిల్లల విషయానికి 1098 ఎలాగూ ఉంది. పిల్లాడి మీద కస్టడీలో ఏదైనా జరిగితే ఎంక్వైరీ చేసి ఎఫ్ఐఆర్ కట్టమని పోలీసులకి చెప్పే అధికారం కూడా ఆ బోర్డుకే ఉంది. తన చేతిలో ఉన్న పిల్లల్ని హింసిస్తే జువెనైల్ జస్టిస్ చట్టం 75వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. ఇవన్నీ ఆ అమ్మాయి చెప్పినవే, ఫీజు అడగలేదు, కాఫీ కూడా తాగలేదు.

ఆ రోజు పొద్దున ఆరింటికి నేను హోమ్ దగ్గరే ఉన్నాను. కిటికీలకి అద్దాలున్న మామూలు జీపు వచ్చింది. లోపల గాలి వస్తోంది. నవ్వకండి, పిల్లల్ని తీసుకెళ్లే బండిలో గాలీ వెలుతురూ సరిగ్గా ఉండాలని 1990లో ఐక్యరాజ్య సమితి ఒప్పుకున్న నియమాల్లో ప్రత్యేకంగా రాశారు, అంటే ప్రపంచమంతా ఎలాంటి బండ్లలో తీసుకెళ్తున్నారో ఊహించుకోండి. డ్రైవరు కాకుండా ముగ్గురొచ్చారు, చొక్కా ప్యాంట్లలో. వాళ్లలో పెద్దాయన, హెడ్ కానిస్టేబుల్, అందరూ పిలిచే హెడ్డు గారు, బండెక్కించే ముందు వీడితో రెండు నిమిషాలు మాట్లాడాడు. ఎక్కడికి వెళ్తున్నాం, ఎంతసేపు పడుతుంది, ఎక్కడ ఆగుతాం, బాత్రూంకి ఎప్పుడు కావాలన్నా చెప్పు ఆపుతాను, మీ అమ్మ అక్కడికొస్తుంది. ఇంతే. రెండు నిమిషాలు. మొదటి రెండుసార్లూ వీడికి ఎక్కడికి తీసుకెళ్తున్నారో కూడా ఎవరూ చెప్పలేదు. మధ్యలో కూర్చోబెట్టి అటొకరు ఇటొకరు కూర్చున్నారు, వెనక తలుపులు లోపల నుంచి తెరుచుకోకుండా లాక్ వేశారు. పారిపోకుండా చూసుకోవడమంటే ఇదీ. దారి పొడుగునా కబడ్డీ కబుర్లే, హెడ్డు గారు ఒకప్పుడు జిల్లాకి ఆడాడట, నేను ముందు సీట్లో వింటూ వచ్చాను, అందులో సగం కోతలే అనిపించింది గానీ వీడు మాత్రం నెల రోజుల తర్వాత మొదటిసారి నవ్వాడు. రెండు చోట్ల ఆగారు, వీడు మూడు గ్లాసుల మజ్జిగ తాగాడు.

అంతా పూలబాటే అని రాస్తే అబద్ధమవుతుంది. బోర్డు దగ్గర బండి దిగగానే రోడ్డుకి అవతల చెల్లెలు కనపడింది. వీడు ఒక్కసారిగా చెయ్యి విడిపించుకుని రోడ్డు మీదకి ఉరికాడు. లారీ వస్తోంది. పక్కనున్న కుర్ర కానిస్టేబుల్ వెనక నుంచి రెండు చేతులతో నడుం చుట్టూ పట్టేసుకున్నాడు, గట్టిగానే పట్టుకున్నాడు, వీడు అరిచాడు, కాళ్లు కొట్టుకున్నాడు. లారీ వెళ్లిపోయేదాకా, పది సెకన్లుంటుందేమో. "అమ్మ దగ్గరికే వెళ్దాం, నేనే తీసుకెళ్తా, ముందు ఊపిరి తీసుకో" అని చెవిలో చెప్తూనే ఉన్నాడు. వదిలేశాక భుజం మీద చెయ్యేసి రోడ్డు దాటించాడు. తర్వాత హెడ్డు గారు ఆ సంగతి మేడమ్‌కి తనంతట తానే చెప్పాడు, పట్టుకోవాల్సి వచ్చిందండీ, దెబ్బేం తగల్లేదు, చూడండి అని. నేను బలప్రయోగానికి పూర్తిగా వ్యతిరేకం అనుకుంటూ వచ్చినవాణ్ణి. ఆ పది సెకన్లు చూశాక, ఆ మాట కొంచెం మార్చుకున్నాను. చేత్తో పట్టుకున్నవాడికి ఎప్పుడు వదలాలో తెలుస్తుంది, పిల్లాడి ఊపిరి తెలుస్తుంది. ఇనుముకి తెలియదు.

ఇక్కడ మన రూల్స్ మీద కూడా నాకొక కంప్లయింటుంది. ఏం చేయకూడదో ఒక్క లైనులో చెప్పేశారు, బాగుంది. కానీ పిల్లాడు లారీ కిందకి ఉరికితే, తల గోడకేసి బాదుకుంటే, పక్క పిల్లాణ్ణి కొడుతుంటే ఎస్కార్ట్ ఏం చేయాలి? ఆ కుర్ర కానిస్టేబుల్‌ని అడిగాను, ఎక్కడ నేర్చుకున్నావు తమ్ముడూ అని. "మా అన్న కొడుకు ఇలాగే చేస్తాడండి" అన్నాడు. అంటే ఇంట్లో నేర్చుకున్నాడు, డిపార్టుమెంటులో కాదు.

అలాగని పెద్ద పుస్తకాలు రాస్తే సరిపోతుందనీ లేదు. ఇంగ్లండులో పిల్లల్ని ఎలా పట్టుకుని అదుపు చేయాలో పద్ధతులు, పట్లు, వాటికి పేర్లు అన్నీ ఉన్నాయి. 2004 ఏప్రిల్‌లో రెయిన్స్‌బ్రూక్ అనే చోట, కేసుల్లో ఉన్న పిల్లల్ని ఉంచే కేంద్రంలో 15 ఏళ్ల అబ్బాయిని ముగ్గురు సిబ్బంది కూర్చోబెట్టి అలాంటి ఆమోదం పొందిన పట్టే పట్టారు, ఊపిరాడక చనిపోయాడు. అదే ఏడాది ఆగస్టులో హాసక్‌ఫీల్డ్ అనే అలాంటి ఇంకో కేంద్రంలో 14 ఏళ్ల అబ్బాయి, ముక్కు మీద కొట్టి లొంగదీసే "పద్ధతి" వాడిన కొన్ని గంటలకి ఉరేసుకున్నాడు. ఆ తర్వాత కూడా, క్రమశిక్షణ కోసం పిల్లల్ని పట్టుకోవచ్చని 2007లో రూలు మార్చారు, 2008లో అక్కడి అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసింది. అక్కడ పుస్తకం ఉండి ప్రాణాలు పోయాయి, మన దగ్గర పుస్తకమే లేక కానిస్టేబుల్‌కి తోచింది చేస్తున్నాడు. నాకైతే మొదటి రెండు నిమిషాల మాటలు, పక్కన ఇంకో ఇద్దరు మనుషులు, ఈ రెండూ ఉంటే పట్టు అవసరమే చాలాసార్లు రాదనిపించింది.

ఇది చదివి కొందరు అంటారని తెలుసు, పదహారేళ్లవాళ్లు హత్యలు చేస్తున్నారు, వాళ్లకి ఏసీ కారు పంపాలా అని. మా బామ్మర్దే అన్నాడు. ఘోరమైన నేరమైతే 16 దాటినవాళ్లని పెద్దవాళ్లలా విచారించాలా వద్దా అని బోర్డు చూస్తుంది, దానికి దారి చట్టంలోనే ఉంది, కాదనట్లేదు. కానీ దారిలో బేడీ వేయడం శిక్ష కాదు కదా, ఇంకా నేరం రుజువే కాలేదు. పైగా మావాడి పక్కన అదే హోమ్‌లో ఒక పన్నెండేళ్లవాడు ఉన్నాడు, సెల్‌ఫోన్ కేసు, మణికట్టు సన్నగా ఉండి బేడీలోంచి చెయ్యి జారిపోతోందని తాడుతో కట్టి తెచ్చారట. ఆ పిల్లాడు ఆ సంగతి మావాడికి నవ్వుతూ చెప్పాడట.

ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే, మూడో ప్రయాణం ఆర్డరు వల్ల వచ్చింది, అలవాటు వల్ల కాదు. అదే రోజు అదే బోర్డుకి ఇంకో స్టేషన్ వాళ్లు ఇద్దరు పిల్లల్ని తెచ్చారు, ఒకే బేడీలో చెరో చెయ్యి. తువ్వాలు కూడా లేదు. వాళ్ల తరఫున ఒక పేజీ రాసేవాళ్లు రాలేదు, అంతే తేడా. హెడ్డు గారు అటు చూసి, నా వైపు చూసి, తల దించుకున్నాడు.

మావాడికి ఆ రోజు బెయిల్ వచ్చింది. ఇంటికి ఆర్టీసీ బస్సులోనే వచ్చాం. కిటికీ సీటు ఖాళీగా ఉంటే కూర్చోరా అన్నాను, వద్దు మామయ్యా అని ఇటు పక్కన కూర్చున్నాడు.

జిల్లా పోలీసు ఆఫీసులో సమాచార హక్కు కింద రెండు ప్రశ్నలు వేశాను. గడిచిన మూడేళ్లలో పిల్లల ఎస్కార్ట్ కోసం ఎంత డబ్బొచ్చింది, ఎంత ఖర్చయింది. 18 ఏళ్లలోపు వాళ్లకి బేడీలు వేసినట్టు రిజిస్టర్లో ఎన్నిసార్లు రాశారు. రెండోదానికి "సున్నా" అని వస్తుందని మా లాయరమ్మాయి ఇప్పుడే పందెం కాస్తోంది. గడువు 30 రోజులు, ఇవాళ్టికి పదకొండు అయ్యాయి. జవాబొస్తే ఈ రివ్యూ కిందే కలుపుతాను.